బండి కింద పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు దాదాపు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. ఖరీదైన ఎస్‌యూవీలలో గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), ముందు వెనక డిఫరెన్షియళ్లు (మలుపులో కుడి, ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు), అంటే ఇంజిన్ పుట్టించిన శక్తిని చక్రాల దాకా మోసుకుపోయే భాగాలలోని ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా అన్నది ఆ విషయం. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ మూడింటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. రెండేళ్ల కిందట 2007 మోడల్ లెక్సస్ జీఎక్స్ 470ను ఒకరి దగ్గర కొన్నాను. ఇప్పటికి 1,48,000 మైళ్లు తిరిగింది. పాత యజమాని ఇంజిన్ ఆయిల్ మార్పించిన రసీదులన్నీ జాగ్రత్తగా దాచి ఇచ్చారు గానీ, డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిళ్లు మార్చినట్టు ఒక్క కాగితమూ లేదు. పైగా సిగ్నల్ దగ్గర బండి ఆగిన మరుక్షణం వెనక నుంచి ఎవరో తాకినట్టు ‘ఠక్’మంటుంది. ఈ ఆయిళ్లన్నీ మా గరాజ్‌లో నేనే మార్చుకోవచ్చా? మారిస్తే ఆ చప్పుడు పోతుందా?

జవాబు: చప్పుడు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది ఆయిల్ మారిస్తే పోయేది కాకపోవచ్చు. మీ బండి వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కు శక్తిని మోసే పొడవాటి గొట్టం, ఒకే కడ్డీ కాదు. గాడులున్న ఒక ముక్క ఇంకొక గొట్టంలోకి చొచ్చుకుని ముందుకూ వెనక్కూ జారే ఏర్పాటు అందులో ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వెనక భాగం కాస్త లేస్తుంది, ఆగాక తిరిగి కుదురుకుంటుంది. ఆ కదలికకు తగినట్టు షాఫ్ట్ పొడవు కొద్దిగా మారాలి. గాడుల మధ్య గ్రీజు ఎండిపోతే అది మెల్లగా జారకుండా పట్టుకుని, పట్టుకుని, ఒక్కసారిగా వదులుతుంది. మీకు వినిపిస్తున్న ‘ఠక్’ చాలావరకు అదే. ఈ బండ్లలో ఇది బాగా తెలిసిన లక్షణమే, భయపడాల్సింది కాదు. షాఫ్ట్ మీదున్న గ్రీజు నిపుల్‌ను శుభ్రంగా తుడిచి, గ్రీజు గన్‌తో రెండు మూడు పంపులు లిథియం గ్రీజు కొట్టి చూడండి. కొంతమంది గ్రీజు బయటికి పొంగేదాకా కొడతారు, ఆ పని చేయవద్దు. లోపల చోటు నిండిపోతే షాఫ్ట్ కుదించుకోవాల్సిన సమయంలో కుదించుకోలేదు. షాఫ్ట్ కొసల్లో కీళ్లలా వంగే యూనివర్సల్ జాయింట్ల దగ్గరి నిపుళ్లకు మాత్రం పాత గ్రీజు అంచుల్లోంచి తొంగిచూసేదాకా కొట్టవచ్చు.

ఇక ఆయిళ్లు. మీ బండి ఎప్పుడూ నాలుగు చక్రాలతోనూ నడిచేది. టార్సెన్ రకం సెంటర్ డిఫరెన్షియల్ ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలే ఉండి, మామూలు రోడ్డు మీద శక్తిని ముందుకు 40, వెనక్కు 60 పాళ్లలో పంచుతుంది. అంటే ఊళ్లో కూరగాయలకు వెళ్లినా ఈ గేర్లన్నీ తిరుగుతూనే ఉంటాయి. అందుకే ‘మేము కొండలెక్కలేదు, బురదలో దిగలేదు, ఇవెందుకు మార్చాలి’ అన్న వాదన ఈ బండికి పనికిరాదు. మార్చాల్సినవి నాలుగు: ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మొదటి మూడూ మీరు నిస్సందేహంగా చేసుకోవచ్చు. నాలుగో దాని సంగతి చివర చెబుతాను.

మూడింటికీ 75డబ్ల్యూ-90 చిక్కదనమున్న గేర్ ఆయిల్ సరిపోతుంది. డిఫరెన్షియళ్లకు మాత్రం జీఎల్-5 గ్రేడ్ తప్పనిసరి. మన లారీ మెకానిక్కులు ‘క్రౌన్’ అని పిలిచే పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే పినియన్, ఈ రెండింటి పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాకుండా గట్టిగా రాసుకుంటూ జారుతాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. అందుకని జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలను కలుపుతారు. సీసా మూత తీయగానే ముక్కు మూసుకునేలా చేసే ఆ వాసన అక్కడిదే. బట్టలకు అంటితే రెండు ఉతుకుల దాకా వదలదు కనుక పాత చొక్కా వేసుకోండి. కొలతల విషయానికి వస్తే ముందు డిఫరెన్షియల్‌కు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు సుమారు 1.4 లీటర్ల చొప్పున, వెనక డిఫరెన్షియల్‌కు సుమారు 3 లీటర్లు పడుతుంది. మీ దగ్గర క్వార్ట్ సీసాలు (ఒక్కొక్కటి లీటరుకు కాస్త తక్కువ) దొరుకుతాయి కనుక 7 తెచ్చుకుంటే కొంత మిగులుతుంది కూడా.

పనిముట్లలో ముఖ్యమైనవి ముందు డిఫరెన్షియల్ ప్లగ్గులకు 10 మి.మీ. ఎలెన్ బిట్, మిగిలిన రెండింటికీ 24 మి.మీ. సాకెట్, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే ఒక టార్క్ రెంచ్, సీసా మూతికి బిగించుకునే చేతి పంపు, ఆరు కొత్త వాషర్లు. వాషర్ల దగ్గర పీనాసితనం పనికిరాదు. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా కూర్చోదు. నెల తరువాత గరాజ్ నేలమీద నల్లటి చుక్క కనబడ్డాక మళ్లీ మొదటి నుంచి పని పెట్టుకోవాల్సి వస్తుంది.

పది నిమిషాలు బండి తిప్పి తీసుకురండి, ఆయిల్ పలచబడుతుంది. సమతలంగా ఉన్న చోట నిలిపి, వెనక ఎయిర్ సస్పెన్షన్ మీటను ఆపివేయండి. లేకపోతే మీరు కింద ఉండగా అది తన ఎత్తును తానే సరిచేసుకోబోతుంది. ఈ బండికి కింద చోటు ఎక్కువే కనుక చాలామంది జాక్ ఎత్తకుండానే పని ముగిస్తారు. మీ శరీరానికి ఆ చోటు చాలకపోతే నాలుగు మూలలూ సమానంగా లేపి జాక్ స్టాండ్ల మీద నిలపాలి; ముందు మాత్రం లేపి పనిచేస్తే ఆయిల్ మట్టం తప్పుగా కనిపిస్తుంది. ఒట్టి జాక్ మీద నిలిచిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. ఇంకొక మాట: ట్రాన్స్‌ఫర్ కేస్ మీట న్యూట్రల్‌లో ఉంటే గేర్ పార్కింగ్‌లో ఉన్నా చక్రాలు కట్టుబడి ఉండవు. కాబట్టి ఆ మీటను చూసి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టాకే కిందికి వెళ్లండి.

ఇప్పుడు అసలు నియమం. కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకునే ముందు పైనున్న ఫిల్ ప్లగ్ తెరిచి చూడాలి. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో ఒక ఆదివారం ఉదయం ముందు డిఫరెన్షియల్ ఆయిల్ అంతా పళ్లెంలోకి దించేసి, తీరిగ్గా చేతులు తుడుచుకుని పై ప్లగ్ దగ్గరకు వెళితే అది తుప్పు పట్టి కదలలేదు. ఎలెన్ బిట్ తిరిగి తిరిగి లోపలి మూలలు గుండ్రబడిపోయాయి. ఖాళీ డిఫరెన్షియల్‌తో బండి నడపలేను, ఆయిల్ పోయడానికి దారి లేదు. ఆ పూట పక్కింటివారి స్కూటర్ మీద వెల్డింగ్ చేసే అతన్ని వెతుక్కుంటూ తిరిగాను. పై ప్లగ్ తెరుచుకోకపోతే పని ఆపేయండి. పాత ఆయిల్‌తో బండి ఇంకో వారం నడుస్తుంది, ఆయిల్ లేకుండా ఒక మైలు కూడా నడవదు.

డ్రెయిన్ ప్లగ్ బయటికి వచ్చాక దాని కొన మీదున్న అయస్కాంతాన్ని వెలుతురులో చూడండి. బూడిద రంగులో, కాటుకలా మెత్తగా, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలని పేస్ట్ ఉంటే అది సహజమైన అరుగుదలే. ఇన్నేళ్లు మార్చని ఆయిల్ కనుక కాస్త మందంగానే పేరుకుని ఉండవచ్చు. గోరుకు తగిలే రేకులు, గేరు పంటి ముక్కల్లాంటివి కనబడితే మాత్రం కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోవద్దు, తెలిసినవారికి చూపించండి. బిగించేటప్పుడు ముందు డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్‌కు 65 న్యూటన్ మీటర్లు, దాని ఫిల్ ప్లగ్‌కు 39, వెనక డిఫరెన్షియల్‌వి రెంటికీ 49, ట్రాన్స్‌ఫర్ కేస్‌వి రెంటికీ 37 చొప్పున వాడతారు. మీ మోడల్ సర్వీస్ పుస్తకంతో ఒకసారి పోల్చుకోండి. ట్రాన్స్‌ఫర్ కేస్ అల్యూమినియంది, బలం చూపించే చోటు కాదు.

నింపేటప్పుడు సీసా మీది గీతలను నమ్మవద్దు. పంపుతో మెల్లగా ఎక్కిస్తూ ఉంటే ఫిల్ రంధ్రం అంచు నుంచి ఆయిల్ సన్నటి ధారగా తిరిగి కారడం మొదలవుతుంది. ఆ ధార చుక్కలుగా మారేదాకా ఆగి ప్లగ్ బిగించాలి. లీటర్ల లెక్క కొనుక్కోవడానికే తప్ప నింపడానికి కాదు. అయితే ఆ లెక్క ఇంకొక రకంగా అక్కరకు వస్తుంది. వెనక డిఫరెన్షియల్ నుంచి 3 లీటర్లు రావాల్సిన చోట 2 మాత్రమే వచ్చాయనుకోండి, ఎక్కడో సీలు కారుతోందన్నమాట. కాబట్టి దించిన ఆయిల్‌ను పారబోసే ముందు కొలిచి చూడండి. తరువాత మూతలున్న డబ్బాల్లో పోసి విడిభాగాల దుకాణానికి తీసుకెళితే మీ దేశంలో చాలాచోట్ల ఉచితంగానే తీసుకుంటారు. మీ కాలనీ నియమాలలో ఇంటి ముందు బండి పని నిషేధమేమో కూడా ముందుగా చూసుకోండి. గరాజ్ తలుపు లోపల చేస్తే సాధారణంగా ఎవరూ అడగరు.

మిగిలింది ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దీనికి మట్టం చూసే కడ్డీ లేదు. లెక్సస్‌ను తయారుచేసే టయోటా వారి డబ్ల్యూఎస్ ద్రవం మాత్రమే పోయాలి, మట్టాన్ని ఇంజిన్ నడుస్తుండగా, ద్రవం దాదాపు 46 నుంచి 56 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు, కింది పళ్లెంలోని ఓవర్‌ఫ్లో ప్లగ్ తెరిచి చూడాలి. ద్రవం వేడెక్కితే ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు నిండుగా పోస్తే వేడెక్కాక ఎక్కువవుతుంది. మరీ వేడిగా ఉన్నప్పుడు చూస్తే అక్కరకు రావలసింది కూడా కారిపోయి, తరువాత తక్కువవుతుంది. గేర్‌బాక్స్ ఉష్ణోగ్రతను చూపించే స్కానర్ మీ దగ్గర ఉంటే ఇదీ చేయవచ్చు, లేకపోతే మూడింటితో ఆగి, దీన్ని వర్క్‌షాపుకు వదిలేయండి. చేసినా ఒక్కసారి దించితే వచ్చేది సుమారు 3 క్వార్ట్‌లే. మిగతాది ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది కనుక కొన్ని నెలల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే తప్ప ద్రవం రంగు మారదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. నా బీఎండబ్ల్యూ ఎక్స్5 2015 మోడల్, 92,000 కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ‘లైఫ్‌టైమ్’, మార్చనక్కరలేదని ఒకరంటే, వెంటనే మార్చకపోతే గేర్‌బాక్సే పోతుందని ఇంకొకరంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే మార్చుకోగలనా?

జవాబు: ‘లైఫ్‌టైమ్’ అన్న మాట వినగానే ఎవరి జీవితకాలమని అడగాలి. బండి మొదటి యజమాని వాడుకునే కాలానికి సరిపోయే ఆయిల్, మూడో యజమాని చేతిలో కూడా సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వరు. మీ బండిలోని ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ జర్మనీకి చెందిన జడ్‌ఎఫ్ సంస్థ రూపొందించింది. గేర్‌బాక్స్ చేసిన ఆ సంస్థే, బండి వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమని సలహా ఇస్తోంది. కిలోమీటర్ల లెక్కలోనూ ఏళ్ల లెక్కలోనూ మీరు ఆ గడువులోకి వచ్చేశారు. మార్చడం మంచిది. అయితే రేపే గేర్‌బాక్స్ పోతుందన్నది బెదిరింపు మాత్రమే.

ఇంటి దగ్గర చేయడం గురించి నాకు మనస్ఫూర్తిగా అవునని చెప్పాలని లేదు, దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది మీ సెల్లార్. నీళ్లు గుంటలోకి పోవడానికని సెల్లార్ నేలను ఏదో ఒక పక్కకు వాలుగా వేస్తారు. కంటికి ఆనని ఆ వాలు ఈ గేర్‌బాక్స్ మట్టాన్ని తప్పించడానికి చాలు. రెండోది మన ఎండ. ఈ గేర్‌బాక్స్ మట్టాన్ని ద్రవం 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చూడాలి. మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటే ఊళ్లో ఇంజిన్ స్టార్ట్ చేయకముందే మీరు ఆ పరిధి మధ్యలో ఉంటారు. నింపి, ఇంజిన్ నడిపి, బ్రేకు తొక్కి ఒక్కొక్క గేరులో కొన్ని క్షణాలు ఉంచి, మళ్లీ కిందికి వచ్చి చూసేసరికి 50 దాటిపోవచ్చు. చల్లని దేశంలో తీరిగ్గా చేసే పనిని ఇక్కడ పరుగు మీద చేయాల్సి వస్తుంది. చేసి తీరాలనుకుంటే రాత్రంతా నిలిచిన బండి మీద తెల్లవారుజామున మొదలుపెట్టండి, డిసెంబరు అయితే మరీ మంచిది. మట్టం చూస్తున్నంతసేపూ ఇంజిన్ నడుస్తూనే ఉండాలన్నది మరచిపోవద్దు.

ఈ గేర్‌బాక్స్ కింది పళ్లెం ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది. ఫిల్టర్ మార్చాలంటే పళ్లెం, దాని సీలు, బోల్టులు కలిపి కొత్తవి కొనాలి. ఖర్చు తగ్గించడానికి ఆయిల్ మాత్రం మార్చి పళ్లెం వదిలేసేవారు కొందరున్నారు, నాకది సగం పనిగానే తోస్తుంది.

మీరు అడగని ట్రాన్స్‌ఫర్ కేస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ బండ్లలో ముందు గొడవ పెట్టేది తరచుగా అదే. అందులో పట్టేది లీటరుకు మించని ఆయిల్, కానీ ఆ కొంచెం ఆయిల్‌లోనే ముందు చక్రాలకు శక్తిని పంపే క్లచ్ పలకలు పనిచేస్తుంటాయి. నిదానంగా మలుపు తిరుగుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి వణికినట్టనిపిస్తే ముందు ఈ ఆయిల్‌నే అనుమానించండి. మార్చాక స్కానర్‌తో కొత్త ఆయిల్ వేసినట్టు బండికి తెలియజేయాలి, లేకపోతే అది పాత ఆయిల్ అరుగుదల లెక్కతోనే క్లచ్‌ను బిగిస్తుంది. దీనితో పాటు టైర్లు చూడండి. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసుకుని తిరిగితే ముందు వెనక చక్రాల చుట్టుకొలతలు కలవక ఆ పలకలు రోడ్డు మీద ఉన్నంతసేపూ జారుతూనే ఉంటాయి. అప్పుడు ఎంత మంచి ఆయిల్ పోసినా ఫలితం ఉండదు. వెనక డిఫరెన్షియల్‌కు ఈ తరం మోడళ్లలో చాలావాటికి డ్రెయిన్ ప్లగ్ ఉండదు. ఫిల్ రంధ్రంలోంచి గొట్టం పెట్టి పాత ఆయిల్‌ను లాగేసి, మళ్లీ అక్కడి నుంచే నింపాలి. ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియళ్ల వరకు మీరు ధైర్యంగా చేసుకోండి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. ఈ మధ్యనే ఒక టయోటా ఫార్చ్యూనర్ 4x4ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ బండి సింగ్‌నగర్ వైపు నీళ్లలో నిలిచిందని ఇప్పుడెవరో అంటున్నారు. లోపల సీట్లు, కార్పెట్లు శుభ్రంగానే ఉన్నాయి. డిఫరెన్షియళ్లలోకి నీళ్లు వెళ్లాయో లేదో నేను ఇంట్లో తెలుసుకోగలనా?

జవాబు: తెలుసుకోగలరు. సీట్లు ఉతికించి మార్చవచ్చు గానీ డిఫరెన్షియల్ లోపల కడిగి అమ్మేవారు తక్కువ. వేడెక్కే గాలి బయటికి పోవడానికి ప్రతి డిఫరెన్షియల్‌కూ ఒక బ్రీదర్ ఉంటుంది. నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి వరద నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ బ్రీదర్ గుండానో సీళ్ల పెదవుల గుండానో నీటిని లోపలికి లాగుతుంది. రోజుల తరబడి మునిగి ఉన్నా అదే దారిన నీళ్లు మెల్లగా దిగుతాయి.

మొదటి జవాబులో బండిని తిప్పి వేడెక్కించాకే ఆయిల్ దించమన్నాను, ఇక్కడ దానికి పూర్తిగా వ్యతిరేకం. బండిని ఒక రాత్రంతా, వీలైతే రెండు రాత్రులు, కదపకుండా ఉంచండి. నీరు ఆయిల్ కన్నా బరువు కనుక విడిగా ఉన్న నీళ్లు అడుక్కు దిగుతాయి. పొద్దున్నే ముందు ఫిల్ ప్లగ్ తెరిచి చూసుకుని, కింద తెల్లటి గిన్నె పెట్టి, డ్రెయిన్ ప్లగ్‌ను మొత్తం తీయకుండా కొద్దికొద్దిగా వదులు చేయండి. మొదటి చుక్కలు నీళ్లలా పలచగా వస్తే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. నీళ్లు రాకపోయినా ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు ఇప్పటికే అందులో చిలికి కలిసిపోయిందని అర్థం. తేనె రంగు నుంచి నలుపు దాకా ఏ రంగైనా, అవతలి వెలుతురు మసకగానైనా కనబడితే, నీటి భయం లేదు.

కాఫీ రంగు కనబడితే ఆయిల్ పూర్తిగా దించి, సరైన గ్రేడ్‌లోనే చవకది ఒకటి నింపి, 50 నుంచి 100 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి మళ్లీ దించండి. రెండోసారి వచ్చింది కూడా పాలు కలిసినట్టుంటే ఇంకొకసారి. ఆయిల్ తేటగా వచ్చాక మంచిది పోసి, బ్రీదర్ మూతను తీసి బురద కడిగి, గాలి ఆడుతోందో లేదో నోటితో ఊది చూసి పెట్టండి. ట్రాన్స్‌ఫర్ కేస్‌నూ ఇలాగే పరీక్షించాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే దానిలోని ద్రవం గులాబీ రంగు మిల్క్‌షేక్‌లా ఉంటే బండిని ఇంటి దగ్గర నడపకుండా వర్క్‌షాపుకు ఎత్తించుకుపోవడమే మేలు, ఎందుకంటే నీరు తగిలిన క్లచ్ పలకల పూత ఊడిపోతుంది.

ఇవన్నీ చేశాక గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కిటికీలు మూసి ఒకసారి నడపండి. వేగం పెరిగేకొద్దీ పెరిగే సన్నటి హుంకారం వెనక నుంచి వినిపిస్తే, నీళ్లు నిలిచిన నెలల్లో బేరింగుల మీద తుప్పు గుంటలు పడ్డాయని అనుమానించాలి. దానికి ఆయిల్ మందు కాదు. డిఫరెన్షియల్ విప్పించి బేరింగులు మార్పించాలి, ఆ ఖర్చు ఎంతవుతుందో లెక్క రాయించుకుని, బండి అమ్మినవారి దగ్గరకు ఆ కాగితం, గిన్నెలోని ఆయిల్ ఫొటో రెండూ పట్టుకుని వెళ్లండి.